బ్రేకమ్మ ఒంటరి ప్రయాణం

శనివారం ఉదయం ఆరున్నరకు ఇంటి నుంచి మోటారుసైకిలు కదలాలి. పన్నెండింటికి అడవి గేటు, మూడింటికి కొండమీది సరస్సు, నాలుగింటికి గుడారం. ఆ తరువాత రెండు రోజులపాటు మనిషన్నవాడి ముఖం చూడకూడదు. ఇదీ బ్రేకమ్మ పథకం.

బ్రేకమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఇరవై రెండేళ్లుగా ఆమె డ్రైవింగ్ స్కూలు నడుపుతోంది. నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుంటుంది. ఆ సీటు ముందు, కాలి దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. కుక్క అడ్డం వచ్చినా, కాకి అడ్డం వచ్చినా, కాకి నీడ అడ్డం వచ్చినా ముందుగా పడేది ఆమె కుడికాలే. ఇంటికొచ్చినా ఆ కాలికి విశ్రాంతి లేదు. టీవీలో కారు మలుపు తిరిగితే సోఫాలో కూర్చుని నేలను నొక్కుతుంది. ఆమె బూట్లలో ఎడమదానికి అడుగుభాగం కొత్తగానే ఉంది. కుడిదానికి ఇప్పటికి రెండుసార్లు మార్చారు.

ఆ కుడికాలే ఇప్పుడు కొంప ముంచింది.

వరసగా రెండు బ్యాచీలు లైసెన్సు పరీక్ష తప్పాయి. పరీక్ష పెట్టిన ఆఫీసరు రెండుసార్లూ ఎర్ర సిరాతో ఒకే వాక్యం రాశాడు: "బ్రేకు ఇంకెవరో వేస్తారని చూస్తున్నారు." మూడో బ్యాచి కూడా తప్పితే స్కూలు గుర్తింపు రద్దు. ఆ పరీక్ష సోమవారమే.

స్కూల్లో రెండో గురువు ఆమె మరిది. గురువారం సాయంత్రం అతను తల గోక్కుంటూ వచ్చాడు.

"వదినా, ఒక మాట చెబుతాను. కోప్పడకూడదు."

"కోప్పడాల్సిన మాటైతే చెప్పకు."

"సోమవారం దాకా మీరు కార్లెక్కొద్దు. శనివారం చివరి రౌండు నేను తిప్పుతాను. మీరు పక్కనుంటే వాళ్లు రోడ్డు చూడటం లేదు, మీ కాలు చూస్తున్నారు."

బ్రేకమ్మ భర్త వైపు తిరిగింది. ఆయన దర్జీ. వీధి మొగలో కుట్టు దుకాణం. మెడలో టేపు, నోట్లో సూది, ఏ గొడవలోనూ తలదూర్చని స్వభావం. ఆ రోజు మాత్రం సూది తీసి, "వాడు చెప్పింది నిజమేనే" అన్నాడు.

అంతే. ఆమె లేచి షెడ్డు తలుపు తీసింది. మూల నిలబెట్టి ఉన్న పాత మోటారుసైకిలు మీది దుప్పటి లాగింది. ఎప్పటికైనా దాని మీద ఒంటరిగా ఆ కొండలెక్కాలని పంతొమ్మిదేళ్లుగా అనుకుంటోంది. ఎప్పుడూ ఏదో ఒక బ్యాచి అడ్డం వచ్చేది.

"నా కాలు అడ్డమైతే, కాలు తీసుకునే పోతాను. రెండు రోజులు."

"ఒక్కదానివే కొండల్లోకా? అక్కడ ఎలుగుబంట్లు ఉంటాయటే!" భర్త కంగారుపడ్డాడు.

"ఉండనివ్వండి. డ్రైవింగ్ నేర్పమని అడగవుగా."

"పోనీ, తోడుకు ఎవరినైనా పంపిస్తాను. దూరంగా, నీకు తెలియకుండా..."

"నా నీడ కూడా నా వెనక రావడానికి వీల్లేదు. చెప్పానంతే."

శనివారం ఆరున్నరకు మోటారుసైకిలు కదల్లేదు. గుడారం సంచి చిరిగి ఉందని చివరి నిమిషంలో భర్త కనిపెట్టాడు. "ఐదు నిమిషాలు" అంటూ మిషను ముందు కూర్చున్నాడు. దర్జీ ఐదు నిమిషాలంటే ఎంతో అందరికీ తెలిసిందే. స్కూలు బీరువాలో మడతపెట్టి ఉన్న నారింజరంగు గుడ్డ ఒకటి ఆయన కంట పడింది. మంచి గట్టి గుడ్డ. వృథాగా పడి ఉంది. గుడ్డ వృథాగా పడి ఉంటే ఆయనకు అన్నం సయించదు.

"నువ్వు ముందు కూర్చో, వెనక నేను కడతాను. తిరగకు, ముడి వదులవుతుంది" అంటూ కొత్త సంచీని బండి వెనక బిగించాడు. బ్రేకమ్మ ఫోను ఆపేసి జేబులో పెట్టుకుని, హెల్మెట్ తగిలించుకుని బండి తీసేసరికి ఏడుకు రెండు నిమిషాలు.

ఏడు గంటలకు వీధి చివర ఏం జరుగుతుందో ఆమెకు తెలియనిది కాదు. కోపంలో ఉన్నవాళ్లకు తెలిసినవి కూడా గుర్తురావు.

ఆ స్కూల్లో ఒక పద్ధతి ఉంది. చివరి రౌండు రోజున నేర్చుకునేవాళ్లే స్వయంగా కార్లు నడపాలి. లైసెన్సు ఉన్న ఇంటిమనిషి ఒకరు పక్కన కూర్చుంటారు. గురువు ముందు మోటారుసైకిలు మీద నారింజరంగు జెండా కట్టుకుని వెళతాడు. నియమాలు స్కూలు గోడ మీద మూరెడు అక్షరాలతో ఉంటాయి. జెండా కదిలితే కదలాలి. జెండా ఆగితే ఆగాలి. జెండాను దాటకూడదు, వదలకూడదు. ఫోన్లు ఆపి డిక్కీలో పడేయాలి. సందేహాలుంటే జెండా ఆగి, మనిషి బండి దిగి, హెల్మెట్ తీశాకే అడగాలి. అవి రాయించింది బ్రేకమ్మే. ఒక్క నియమం తప్పినవాడిని ఆమె మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టించేది.

వీధి చివర మూడు స్కూలు కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. మొదటి దాంట్లో రిటైరైన హెడ్మాస్టరు, పక్కన ఆయన భార్య. రెండో దాంట్లో పళ్ల డాక్టరమ్మ, పక్కన అత్తగారు. మూడో దాంట్లో బేకరీ ఆయన, పక్కన ఆయన బావమరిది. అతను ఎక్కిన మరుక్షణమే నిద్రపోయాడు.

మరిది జాడ లేదు. "నన్ను పంపేసి ఇంకా ముసుగుతన్ని పడుకున్నాడన్నమాట" అనుకుంది బ్రేకమ్మ. పలకరిస్తే పది మాటలవుతాయి. హెల్మెట్ అద్దం దించుకుని, చూడనట్టే ముందుకు సాగిపోయింది.

బండి అద్దంలో హెడ్మాస్టరు కారు ఇండికేటరు టిక్కుటిక్కుమంటూ వెలిగింది.

ఊరి బయటి ఇటుకబట్టీ దాకా ఆమె పట్టించుకోలేదు. రౌండు తిప్పే దారీ అదే. మరిది ఏ సందులోంచో వచ్చి కలిసి ఉంటాడు. ఇటుకబట్టీ దగ్గర వెనక్కి తిరగడం మామూలు. ఆమె బట్టీ దాటింది. అద్దంలో చూసింది. మొదటి కారూ దాటింది. రెండోది దాటింది. మూడోదీ దాటింది. యాభై గజాల ఎడం. గజం ఎక్కువ కాదు, గజం తక్కువ కాదు.

మరిది ఎక్కడా లేడు.

అప్పుడు తట్టింది. "దూరంగా, నీకు తెలియకుండా..."

"ఇదా మీ పని!" అని హెల్మెట్‌లోనే పళ్లు నూరింది. పంపేవాళ్లు ఇంకెవరూ దొరకనట్టు నా బ్యాచినే నాకు కాపలా పెడతారా! నిన్నటిదాకా గేరుకూ గొడుగుకూ తేడా తెలియనివాళ్లు నన్ను కాపాడతారా!

ఆపి నిలదీయవచ్చు. కానీ ఆపితే మాట్లాడాలి, మాట్లాడితే బతిమాలతారు, బతిమాలితే వెనక్కి తిరగాల్సి వస్తుంది. పంతొమ్మిదేళ్ల కోరిక ఇటుకబట్టీ దగ్గర ముగిసిపోతుంది. అందుకే ఆగకుండానే చెయ్యి వెనక్కి చాపి "పొండి, పొండి" అన్నట్టు గట్టిగా పైకీ కిందికీ ఊపింది.

మూడు కార్లూ మర్యాదగా వేగం తగ్గించాయి. చెయ్యి అలా ఊపితే వేగం తగ్గించాలి. స్కూలు పుస్తకం, ఏడో పేజీ. ఆ పేజీ కూడా ఆమె రాసిందే.

తగ్గించారు కదా అని ఆమె వేగం పెంచింది. వాళ్లూ పెంచారు.

కొండదారి చీలే చోట చెట్టునీడన ఒక రోడ్డు రోలరు నిలబడి ఉంది. దాని డ్రైవరు టీ తాగుతూ, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు రోడ్డు వైపే చూస్తున్నాడు. బ్రేకమ్మ బండి దాటిపోతుండగా గభాలున లేచి చెయ్యెత్తాడు. పాపం, మర్యాదస్తుడు అనుకుని ఆమె కూడా చెయ్యెత్తింది. అతను టీ గ్లాసు పక్కన పెట్టి ఇంజిను స్టార్టు చేశాడు. అది ఆమె చూడలేదు. చూసినా, రోలరు వెంటపడుతోందని భయపడే మనిషి ఎవరుంటారు?

ఇక అసలు కథ మొదలైంది. ఆమె వాళ్లను వదిలించుకోవాలి. వాళ్లు ఆమెను వదలకూడదు.

మొదట వాగు. మోకాలిలోతు కూడా లేదు కానీ రోడ్డును పూర్తిగా కప్పేసి గలగలా పారుతోంది. నీళ్లను చూస్తేనే హెడ్మాస్టరు వణికిపోతాడు. గతవారం వీధి కుళాయి లీకవుతుంటే అరగంట ఆగిపోయిన మనిషి. ఆమె బండిని మొదటి గేరులో దాటించి, అవతలి గట్టు నుంచి అద్దంలో చూసింది. హెడ్మాస్టరు ఆగాడు. ఆమె పెదవులపై చిరునవ్వు. హెడ్మాస్టరు మొదటి గేరు వేశాడు. చిరునవ్వు మాయం. నెమ్మదిగా, సరళరేఖలో, ఇంజను గుర్రుమంటుండగా కారు గట్టెక్కింది. ఆ వెనకే డాక్టరమ్మ. కిటికీలోంచి అత్తగారు చప్పట్లు కొడుతోంది.

తరువాత గతుకులు. తరువాత కంకర. తరువాత ఒక పక్క కొండ, మరో పక్క ఆకాశం తప్ప ఇంకేమీ లేని సన్నటి దారి. ఆమె ఎంత కష్టమైన దారి పడితే వాళ్లు అంత పద్ధతిగా వస్తున్నారు. దారి మధ్యలో ఎక్కడో, వరస చివర బూడిదరంగు చిన్న కారు ఒకటి చేరి అదేపనిగా హారను కొట్టసాగింది. దానికి దారి దొరకడం లేదు. మూడు కార్లూ తమ వరసలోంచి అంగుళం పక్కకు జరగడం లేదు.

"నాలుగోవాడిని కూడా పంపారా! ఇంకా నయం, అంబులెన్సు పంపలేదు" అనుకుంది బ్రేకమ్మ.

అడవి గేటు దగ్గర కాపలాదారు రిజిస్టరు తెరిచాడు.

"ఎంతమందమ్మా?"

"ఒక్కదాన్నే." ఆ మాట అనడం కోసమే ఆమె ఇంత దూరం వచ్చింది. బండి దిగకుండానే రిజిస్టరులో 'ఒక్కరే' అని రాసి కింద గీత కూడా గీసింది.

"మరి ఆ వెనక?"

"వెనక ఎవరూ లేరు" అంది వెనక్కి చూడకుండా.

కాపలాదారు మెడ చాచి చూశాడు. మూడు స్కూలు కార్లు, బూడిదరంగు కారు. అన్నీ ఇంజన్లు గుర్రుమంటూ ఆమె కోసమే ఆగి ఉన్నాయి.

"లేరంటే లేరు. నాదేం పోయింది?" అన్నాడతను. "సాయంత్రం ఐదింటికి గేటు మూస్తాను. ఆ తరువాత దేవుడు దిగొచ్చినా రేపు పొద్దున ఆరింటికే."

గేటు దాటాక కొండలు నిజంగా మొదలయ్యాయి. బ్రేకమ్మ ఒక్క క్షణం కోపం మరిచిపోయింది. రోడ్డు పాములా మెలికలు తిరుగుతూ పైకి పాకుతోంది. ఒక్కో మలుపు తిరిగేసరికి ఇంకో కొండ తల ఎత్తుతోంది. పైనెక్కడో రాళ్ల మధ్య నుంచి నీళ్లు తెల్లటి దారాల్లా జారుతున్నాయి. గాలి హెల్మెట్‌లోకి దూరి చెవిలో ఈల వేస్తోంది. ఇరవై రెండేళ్లుగా ఊళ్లో అవే నాలుగు వీధులు తిరిగిన కళ్లకు ఇది పండగ.

తొమ్మిదో మలుపు తిరగ్గానే మేకలు.

నూటయాభై మేకలు కొండ మీంచి ఒక్కసారిగా రోడ్డు మీదికి దూకాయి. ఆమె బ్రేకు వేసింది. బండి మేకపోతు గడ్డానికి జానెడు దూరంలో ఆగింది. ఆ వెంటనే గుర్తొచ్చింది. వెనక మలుపు. మలుపు వెనక హెడ్మాస్టరు. ఆయనకు మేకలు కనిపించవు, ఆగిన బండి మాత్రమే కనిపిస్తుంది, అదీ చివరి క్షణంలో. పక్కన లోయ.

అద్దంలో కారు ముక్కు కనిపించింది. బ్రేకమ్మ కుడికాలు శక్తికొద్దీ నొక్కింది. ఆగి ఉన్న మోటారుసైకిలు ఇంకా ఎక్కడ ఆగుతుంది? ఆ కారులో ఆమె కాలు లేదు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి, ప్రమాదం ముంచుకొచ్చిన క్షణంలో ఆమె కాలు అందని చోట ఆమె శిష్యులున్నారు.

కళ్లు మూసుకుంది.

మేకల అరుపులు. గంటల చప్పుడు. ఇంకేమీ లేదు.

కళ్లు తెరిచి అద్దంలో చూసింది. హెడ్మాస్టరు కారు ఆగి ఉంది. దాని వెనక డాక్టరమ్మది. దాని వెనక బేకరీ ఆయనది. మధ్యలో ఎడం కొలిచి పెట్టినట్టుంది. మూడింటి వెనకా ఎర్ర దీపాలు వెలుగుతున్నాయి. బ్రేకులు వాళ్లే వేశారు.

ఆఖరున ఉన్న బూడిదరంగు కారు మాత్రం ఎత్తు మీద ఇంజను ఆగిపోయి మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. బేకరీ ఆయన చేతిబ్రేకు లాగి కిందికి దూకాడు. పరుగెత్తి దాని చక్రం కింద రాయి పెట్టి, కిటికీలో తల దూర్చి చేతులు తిప్పుతూ ఏదో పాఠం చెప్పడం దూరం నుంచి ఆమెకు కనిపించింది. ఆ చేతులు తిప్పడం అచ్చం ఆమెదే.

హెల్మెట్ అద్దాన్ని వేలితో తుడిచింది. దుమ్ము అయి ఉంటుంది అనుకుంది.

ఆ తరువాత ఆమె వాళ్లను వదిలించుకునే ప్రయత్నం చేయలేదు. పైగా గొయ్యి కనిపిస్తే అర ఫర్లాంగు ముందే కాలు చాపి చూపించింది. మలుపు గుడ్డిదైతే హారను ముందే కొట్టింది. కోపం మాత్రం అలాగే ఉంచుకుంది. ఇంటికెళ్లాక భర్తతో పని ఉంది మరి.

మూడింటికి చేరాల్సిన సరస్సుకు నాలుగున్నరకు చేరింది. చుట్టూ కొండలు, మధ్యలో అద్దంలాంటి నీళ్లు, గట్టున పచ్చిక. మనిషి అలికిడి లేదు. బండి ఆపి, దిగి, హెల్మెట్ తీసి, గుండెల నిండా గాలి పీల్చుకుంది.

వెనక మూడు కార్లూ రివర్సులో, ఒకదాని పక్కన ఒకటి, గీత గీసినట్టు వచ్చి ఆగాయి. హెడ్మాస్టరు దిగి, చేతులు కట్టుకుని దగ్గరికొచ్చాడు.

"మేడమ్, జెండా ఆగింది, మీరు హెల్మెట్ కూడా తీశారు కాబట్టి సందేహాలు అడగొచ్చా?"

"అడగండి" అంది గంభీరంగా.

"మనం ఎక్కడున్నాం?"

బ్రేకమ్మ తెల్లబోయింది. "ఎక్కడున్నామో తెలియకుండానే వచ్చారా? మిమ్మల్ని ఎవరు పంపారు? మా ఆయనేనా?"

"మీ ఆయనెవరు?" అన్నాడు బేకరీ ఆయన.

"చివరి రౌండు ఇంత పెద్దదని మాకు ఎవరూ చెప్పలేదు మేడమ్" అంది డాక్టరమ్మ. "మధ్యాహ్నం ముగ్గురికి పళ్లు పీకాల్సింది."

"వాళ్లు సంతోషిస్తార్లేవే" అని అత్తగారు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని అప్పటికే నీళ్ల వైపు నడుస్తోంది. "పెళ్లయ్యాక ఇంత దూరం నన్ను తీసుకొచ్చింది నా కోడలొక్కతే."

"నా వెనక రమ్మని మీకెవరు చెప్పారు?" బ్రేకమ్మ గొంతు పెంచింది.

ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. హెడ్మాస్టరు మోటారుసైకిలు వెనక వైపు వేలు చూపించాడు. ఆమె పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా అటువైపు వెళ్లి చూడలేదు. వెళ్లి చూసింది.

నారింజరంగు సంచి మీద, కుట్టు ఎక్కడా వంకరపోకుండా, సరిగ్గా నడిమధ్యన, జానెడు నల్లటి అక్షరాలు: "నా వెనకే రండి."

స్కూలు జెండా!

ఆమె ఆ పచ్చికలోనే చతికిలపడింది. భర్త కాపలా పెట్టలేదు. కుట్టాడు.

బేకరీ ఆయన కారులో అలికిడైంది. బావమరిది లేచి ఆవలించి, కిటికీలోంచి సరస్సును, కొండలను చూశాడు. "బావా, వీధి చివర నీళ్లు నిలబడ్డాయేంటి?" అన్నాడు.

అప్పుడు వచ్చింది బూడిదరంగు కారు. రెండుసార్లు ఇంజను ఆగి, మూడోసారి గట్టెక్కి, పచ్చిక మీద అడ్డదిడ్డంగా నిలిచింది. అందులోంచి మడత కుర్చీ, పుస్తకం పట్టుకుని ఒక పొడుగాటి మనిషి దిగాడు.

"ఓ, క్లచ్ సారా!" బేకరీ ఆయన ఆప్యాయంగా ఎదురెళ్లాడు. "చెప్పినట్టు మెల్లగా వదిలారా?"

బ్రేకమ్మ గభాలున పచ్చికలోంచి లేచింది. ఆ పొడుగాటి మనిషిని ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది. ఎర్ర సిరా. లైసెన్సు ఆఫీసరు.

"ఈ బండ్లకు పెద్ద ఎవరు?" ఆయన గొంతు రంపంలా ఉంది. "శనివారం ఒక్కరోజు నిశ్శబ్దంగా పుస్తకం చదువుకుందామని వస్తే ముప్ఫై కిలోమీటర్లు నన్ను దాటనివ్వలేదు! ఓహో. మీరా."

"నేనే సార్." గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఇదే. శిష్యులు, స్కూలు కార్లు, గురువు లేని సీట్లు, లోయ పక్కన కొండదారి. గుర్తింపు సోమవారం దాకా కూడా ఆగేలా లేదు.

ఆఫీసరు చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. ఎర్ర పెన్ను మూత తీశాడు. పచ్చిక మీద అందరూ బిగుసుకుపోయారు.

"ఒకటే ప్రశ్న. మేకలు అడ్డం వచ్చినప్పుడు ఈ మూడు కార్లలో బ్రేకు ఎవరు వేశారు?"

బ్రేకమ్మ శిష్యుల వైపు చూడకుండా తన కుడి బూటు వైపు చూసుకుంది.

"నేను సార్" అన్నాడు హెడ్మాస్టరు, క్లాసులో చెయ్యెత్తిన పిల్లవాడిలా.

"నేను" అంది డాక్టరమ్మ.

"నేనే" అన్నాడు బేకరీ ఆయన.

"నేను మాత్రం కాదండీ, ఒట్టు!" అన్నాడు బావమరిది.

ఆఫీసరు ఏదో రాశాడు. కాగితం చింపి బ్రేకమ్మ చేతిలో పెట్టాడు. ఆమె చదువుకుంది. నమ్మకం కుదరక మళ్లీ చదివింది.

"బ్రేకు వాళ్లే వేస్తున్నారు. పాస్."

"సోమవారం ఫొటోలకు వస్తే చాలు" అన్నాడాయన. "ఇంతకన్నా పెద్ద పరీక్ష నా మైదానంలో లేదు. ఒక షరతు. మీరు పక్క సీట్లోంచి దిగాలి. ఇకపై ముందు బండి మీదే ఉండండి."

"మరి సార్ బండి ఎత్తు మీద వెనక్కి జారిందిగా, అది కూడా రాయాలా?" బేకరీ ఆయన అమాయకంగా అడిగాడు.

ఆఫీసరు దగ్గాడు. "ఇరవై ఏళ్లుగా నేనూ పక్క సీట్లోనే కూర్చుంటున్నానయ్యా" అని పెన్నుకు మూత పెట్టాడు.

ఎవరో టైము చూశారు. ఐదుంబావు. గేటు మూసేశారు. ఇక తెల్లారేదాకా ఎవరూ కదలలేరు. సరస్సు గట్టున ఒక్క బండరాయి మీద మాత్రం ఫోను సిగ్నలు వస్తుందని ఆఫీసరే చూపించాడు. అందరూ వరసగా దానిమీదికెక్కి ఇళ్లకు కబురు చెప్పారు. బ్రేకమ్మ ఫోను తెరవగానే మరిది ఏడుపు గొంతు.

"వదినా! పొద్దుటి నుంచి వెతుకుతున్నాను! జెండా లేదు, కార్లు లేవు, బ్యాచే లేదు! జెండా లేకుండా వెళితే వాళ్లు కదలరని బీరువా మొత్తం తిరగేశాను!"

"బ్యాచి పాసైంది. ఫోను మీ అన్నయ్యకివ్వు."

"ఏమే, క్షేమమేనా?" దర్జీ గొంతు. "సంచి చిరగలేదు కదా? గుడ్డ మీద ఏవో పిచ్చిరాతలున్నాయి. నీకు కనబడితే చిరాకుపడతావని వెనక్కి పెట్టి కుట్టానులే."

పొద్దుటి నుంచి దాచుకున్న కోపమంతా బయటికి రావాలి. వచ్చింది నవ్వు. ఆమె నవ్వు ఆ కొండకూ ఈ కొండకూ తగిలి తిరిగి వచ్చింది.

బేకరీ ఆయన డిక్కీ తెరిచాడు. మధ్యాహ్నం దుకాణాలకు వేయాల్సిన రొట్టెలు, బన్నులు, కేకులు ఆరు పెట్టెలు. హెడ్మాస్టరు భార్య ఎండుకొమ్మలు ఏరి మంట వేసింది. ఒంటరితనం కోసం తెచ్చుకున్న ఒక్క గుడారంలో అత్తగారు, డాక్టరమ్మ, హెడ్మాస్టరు భార్య సర్దుకున్నారు. ఆఫీసరు పుస్తకం పదిహేనో పేజీ దాటలేదు. చీకటిపడేదాకా ఆయన పచ్చిక దిబ్బ మీద కారెక్కించి దించుతూనే ఉన్నాడు. పక్క సీట్లో బేకరీ ఆయన.

మరునాడు ఆరు కొట్టగానే కార్లు బయలుదేరాయి. ముందు జెండా లేదు. హెడ్మాస్టరు ఒకసారి వెనక్కి చూసి, "మేడమ్, మేమే వెళ్లిపోగలం" అన్నాడు.

"తెలుసు" అంది బ్రేకమ్మ. కుడికాలు నేలను నొక్కలేదు.

చివరి కారు మలుపు తిరిగిపోయింది. ఆఫీసరు కూడా నిశ్శబ్దం మీద ఆశ వదులుకుని వాళ్ల వెనకే వెళ్లాడు. ఈసారి ఎత్తు మీద బండి ఆగలేదు.

ఇక ఆమె ఒక్కతే. పొద్దంతా గట్టున తిరిగి, సాయంత్రం టీకి కూర్చుంది. మిగిలిన బన్ను ఒకటి, ఫ్లాస్కులో టీ, ఎదురుగా సరస్సు. అలవాటు కొద్దీ మోటారుసైకిలు అద్దం వైపు చూసింది. అందులో ఖాళీ రోడ్డు. ఎవరూ లేరు. పంతొమ్మిదేళ్ల కోరిక తీరింది. టీ నోటిదగ్గర పెట్టుకుంది.

గ్లాసులో టీ వణికింది.

ఆమె చెయ్యి వణకడం లేదు. నేల వణుకుతోంది. సరస్సులో అలలు లేచాయి. కొండ వెనక ఏదో గుడగుడమంటూ దగ్గరవుతోంది. ఎలుగుబంట్లు ఇంత చప్పుడు చేయవు. మలుపు దగ్గర చెట్లకొమ్మలు కదిలాయి. ముందుగా ఒక పెద్ద ఇనుప చక్రం కనిపించింది.

రోడ్డు రోలరు, గంటకు ఆరు కిలోమీటర్ల చొప్పున, మూడు కార్లు నిలిచిన జాడలను చదును చేసుకుంటూ వచ్చి పచ్చిక అంచున ఆగింది. డ్రైవరు దిగి ముఖం తుడుచుకున్నాడు.

"రాత్రంతా గేటు దగ్గర ఆపేశారమ్మా. నారింజరంగు జెండా బండి వస్తుంది, దాని వెనకే వెళ్లు అని మా సూపర్‌వైజరు చెప్పాడు. ఎంత వేగంగా వెళ్లారమ్మా!" అని చుట్టూ కలియజూశాడు. "ఇంతకీ రోడ్డు ఎక్కడ వేయాలి?"

బ్రేకమ్మ బన్ను రెండు ముక్కలు చేసి ఒకటి అతనికిచ్చి, అక్షరాలు లోపలికి పోయేలా సంచీని తిరగేసి కట్టడం మొదలుపెట్టింది.